"మా షాపులో దోచుకోడానికి ఏముంది?" అంటే కుదరదు

2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ బ్యాంక్ సిస్టమ్స్‌లోకి హ్యాకర్లు దూరి రూ.12 కోట్లకు పైగా లాగేశారు. వాళ్లకి దారి ఇచ్చింది ఉద్యోగులు ఓపెన్ చేసిన ఫిషింగ్ మెయిల్. పైగా సైబర్ సెక్యూరిటీ నిబంధనలు పాటించలేదని 2023లో ఆర్‌బీఐ రూ.65 లక్షల ఫైన్ కూడా వేసింది.

ఇది బ్యాంకుల గొడవే అనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఎల్బీనగర్ మొబైల్ షాపుల్లో కూడా జనాల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. డేటాకి సరైన భద్రత పెట్టకపోతే 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా రూ.250 కోట్ల దాకా ఉంది.

అందుకే స్టాఫ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఇవ్వండి. మెయిల్‌కి టూ-ఫ్యాక్టర్ ఆన్ చేయండి. బ్యాకప్ వేరే డిస్క్‌లో పెట్టండి. పని అయిపోయిన ఆధార్ కాపీలు డిలీట్ చేసేయండి. వీటికయ్యే ఖర్చు సీసీ కెమెరా ఖర్చు కంటే తక్కువే.