15 గంటల చదువు, 28 గంటల చాకిరీ

జపాన్ ప్రభుత్వానికి విదేశీ విద్యార్థుల అంకెలంటే మహా మోజు. 1983లో నకసోనె ప్రధానిగా ఉండగా లక్షమంది కావాలన్నారు. 2008లో మూడు లక్షలన్నారు. 2023లో కిషిద ప్రభుత్వం 2033 కల్లా నాలుగు లక్షలు చేస్తామంది. 2024 మే నాటికి లెక్క 3,36,708కి చేరింది. వచ్చినవాళ్లలో ఎంతమందికి క్లాసులో చెప్పేది బుర్రకెక్కుతోందన్న లెక్కని మాత్రం ఎవరూ ఇంత ఆర్భాటంగా చాటరు.

ఇంగ్లిషులో చెప్పే కోర్సులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2009లో 13 విశ్వవిద్యాలయాలను ఎంపిక చేసి మరీ పెంచారు. అయినా డిగ్రీ స్థాయి చదువులో సింహభాగం ఇప్పటికీ జపనీసులోనే. ఆ చదువుకి పిల్లల్ని ఎలా తయారు చేస్తున్నారయ్యా అంటే, పరీక్ష పాసు చేయిస్తున్నారు. జపనీసు భాషా ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు. ఏ మెట్టు మీదా నోరు విప్పక్కర్లేదు, సొంతంగా ఒక్క వాక్యం రాయక్కర్లేదు, జవాబు పత్రంలో గుండ్రాలు నింపితే చాలు. విశ్వవిద్యాలయ ప్రవేశం కోసమే 2002లో మొదలైన ఈజేయూ కొంత నయం. దాని జపనీసు పేపర్లో 450 మార్కులకి గాను రాతకి 50 కేటాయించారు. అరగంటలో అయిదు వందల అక్షరాలు మించని చిన్న వ్యాసం. ఈ గండం గట్టెక్కినవాణ్ని ఏప్రిల్లో తొంభై నిమిషాల లెక్చర్లో కూర్చోబెడతారు, వేల అక్షరాల రిపోర్టు రాయమంటారు, సెమినార్లో లేచి నిలబడి వాదించమంటారు. వంటల పుస్తకం అప్పజెప్పినవాణ్ని పెళ్లి వంటకి పురమాయించడమే ఇది.

నల్లబల్ల సంగతే చూడండి. డిగ్రీకి ముందు భాషా పాఠశాలలో పిల్లాడు చదివిందంతా అచ్చక్షరం. 'మొదటి అధ్యాయం', 'రెండో సూత్రం' అని రాసేటప్పుడు అంకెకి ముందు 'దై' అనే కంజి అక్షరం పెడతారు. పుస్తకంలో దానికి 11 గీతలు. సుద్దముక్క పట్టుకున్న ప్రొఫెసర్‌కి అంత ఓపిక ఎక్కడిది? సగం గీతలతో గిలికేస్తాడు. యంత్రమనే అర్థంలో వచ్చే 'కి' అక్షరానికి 16 గీతలుంటే, ఎడమపక్క చెట్టు గుర్తు వేసి, కుడిపక్కన కతకానా లిపిలోని 'కి' తగిలించి సరిపెట్టేస్తాడు. పక్కన కూర్చున్న జపాన్ కుర్రాడికి ఇది అలవాటైన గిలుకుడు. మనవాడు అదేమిటో పోల్చుకునేలోపు బల్ల తుడిచేస్తారు. లెక్క రాక కాదు వాడు వెనకబడింది. అవకలనం వాడు ఇంటర్లోనే నమిలి మింగాడు. "ఇది కాసేపు పక్కన పెడదాం", "చిక్కంతా ఇక్కడే", "అలాగైతే ఇందాకటి ఊహ ఏమవుతుంది" అంటూ లెక్చరరు మలుపు తిరిగే చోటల్లా వాడు జారిపోతున్నాడు. ఆ మలుపులు వినడం వాడికి ఎవరూ నేర్పలేదు. రెండేళ్లపాటు వాక్యం చివర మర్యాదగా 'దెసు', 'మసు' పెట్టమని వెంటపడి నేర్పిస్తారు. తొలి రిపోర్టులో అవే కనిపిస్తే ఎర్ర గీత పడుతుంది, ఎందుకంటే రిపోర్టు శైలి వేరు.

ఇంతకీ ఆ రెండేళ్లు ఎలా గడుస్తున్నాయి? భాషా పాఠశాలలో వారానికి కనీసం 20 పీరియడ్లు ఉండాలన్నది నిబంధన. పీరియడు 45 నిమిషాలు. అంటే 15 గంటలు. అదే విద్యార్థి వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చని ప్రభుత్వమే అనుమతిస్తుంది. చదువుకోవడానికి వీసా ఇచ్చి, చదువుకి దాదాపు రెట్టింపు చాకిరీకి తలుపు తీసింది! అప్పు చేసి వచ్చిన నేపాల్, వియత్నాం పిల్లలు రాత్రి బెంతో ఫ్యాక్టరీలో అన్నం డబ్బాలు సర్ది, పొద్దున క్లాసులో బల్ల మీద తల వాల్చేస్తే, "వీళ్లు సంపాదనకే వచ్చారు" అని పెద్దమనుషులు ముక్కు విరుస్తారు. ఆ డబ్బాలో అన్నం తిన్న నోటితోనే!

2019లో బయటపడ్డ భాగోతం గుర్తుందా? టోక్యోలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో మూడేళ్లలో 1,610 మంది విదేశీ విద్యార్థుల ఆచూకీ లేకుండా పోయింది. చాలామందిని డిగ్రీకి ముందు తయారీ పేరిట 'పరిశోధక విద్యార్థులు'గా చేర్చుకున్నారు. ఫీజు కట్టించుకోవడంలో మాత్రం ఏ తయారీ లోపమూ లేదు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, పిల్లల్ని ఎలా తయారు చెయ్యాలో జపాన్ వాళ్లకి తెలియక ఇలా జరగడం లేదు. 1904లో, తర్వాత చైనా రచయితగా పేరుపొందిన లూ షున్ సెందై వైద్య పాఠశాలలో చేరినప్పుడు, శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఫుజినో మాస్టారు ఆ చైనా కుర్రాడి నోట్సు అడిగి తీసుకుని, తప్పిపోయిన పాఠంతో సహా ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేవాడు. 1982లో మలేసియా ప్రధాని మహతీర్ మహమ్మద్ 'తూర్పు వైపు చూపు' అన్నాక మలయా విశ్వవిద్యాలయంలో రెండేళ్ల తయారీ కోర్సు పెట్టారు. జపాన్ నుంచి వెళ్లిన ఉపాధ్యాయులు అక్కడ లెక్కలూ భౌతికశాస్త్రమూ రసాయనశాస్త్రమూ జపనీసులోనే చెప్పారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద డిగ్రీకి వచ్చేవాళ్లకి టోక్యో శివారు ఫుచు లాంటి చోట్ల ఏడాదిపాటు భాషతోపాటు సబ్జెక్టులూ నేర్పుతారు, ఖర్చులకి నెలనెలా భత్యమూ ఇస్తారు. సర్కారు అతిథికి ఇంత భోగం. సొంత డబ్బు కట్టినవాడికి గైడు పుస్తకాలూ మాదిరి పేపర్లూ.

హైదరాబాదు కన్సల్టెన్సీలూ తక్కువ తినలేదు. "ఎన్3 చేయించేస్తాం, మిగతాది అక్కడికెళ్లాక అదే వస్తుంది" అంటారు. కందిలోని హైదరాబాదు ఐఐటీ నుంచి పరిశోధనకి వెళ్లేవాళ్లకి ప్రయోగశాలలో ఇంగ్లిషుతో చాలావరకు గడిచిపోతుంది. ఇంటర్ కాగానే డిగ్రీకి బయల్దేరే పిల్ల సంగతి అలా కాదు. ఆ అమ్మాయి తండ్రి అడగాల్సింది ఎన్ని నెలల్లో ఏ లెవెల్ వస్తుందని కాదు, రసాయనశాస్త్రం జపనీసులో ఎవరు చెబుతారని.

2024 ఏప్రిల్ నుంచి భాషా పాఠశాలలకి కొత్త గుర్తింపు విధానం, ఉపాధ్యాయులకి జాతీయ అర్హత వచ్చాయి. మంచిదే. మరి విశ్వవిద్యాలయాలో? గుండ్రాలు బాగా నింపాడని సీటిచ్చిన వాళ్లకి ఆ తర్వాత బాధ్యత లేదా? మొదటి ఏడాది ప్రతి ముఖ్యమైన సబ్జెక్టు పక్కన ఒక భాషా తరగతి పెట్టండి. ఆ వారం లెక్చరూ ఆ వారం బల్లరాతా తెచ్చి దాంట్లో విప్పి చెప్పించండి. దానికి మార్కులివ్వండి. అది చెప్పే పంతుళ్లని పీరియడు లెక్కన కూలికి పిలవడం మాని, పక్క గదిలో లెక్కలు చెప్పే ప్రొఫెసర్‌తో సమానంగా జీతమిచ్చి కూర్చోబెట్టండి.