పంపు లేని జలయంత్రం

ఖరగ్‌పూర్ ఎఱ్ఱని లాటరైటు నేలపై వెలసిన రైల్వే పట్టణం; బ్రతుకుతెరువుకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు తరతరాల నివాసం. ఆవిరి ఇంజన్ల కాలంలో వాటి దాహం తీర్చడానికి నీటిని పంపులతో ఎత్తయిన ట్యాంకులకు ఎక్కించవలసి వచ్చేది. పట్టణానికి పడమట, ఝార్‌గ్రామ్ వనాలలోని సాలవృక్షాలు మాత్రం బొగ్గూ పంపూ లేకుండానే ఆ పని సాగిస్తున్నాయి.

పీల్చే పంపు నీటిని సుమారు 10 మీటర్లకు మించి లేపలేదు. ఏపుగా ఎదిగిన సాలవృక్షమో, 30 మీటర్లకు చేరగలదు. మరి కొనకొమ్మకు నీరెలా అందుతుంది? కాండంలోని జీవకణాల స్పందనమే నీటిని పైకి నెడుతుందని కలకత్తాలో జగదీశ్‌చంద్ర బోసు 1923లో వాదించారు. కాని 1894లోనే డబ్లిన్ శాస్త్రజ్ఞులు డిక్సన్, జోలీలు సూచించిన సమాధానమే నిలిచింది. ఆకుల సూక్ష్మరంధ్రాల నుండి నీరు ఆవిరైపోతున్నకొద్దీ, ఒకదానినొకటి అంటిపెట్టుకున్న నీటి అణువులు వేరునుండి కొనవరకు తెగని దారంలా పైకి సాగుతాయి.

వేసవిలో నేల ఎండితే ఆ దారం బిగుసుకుంటుంది. గాలిబుడగ చొరబడితే తెగిపోతుంది. అందుకే ఆకు తన రంధ్రాలను మూసుకుంటుంది. కాని ఆహారం తయారుచేసుకోవడానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు ప్రవేశించేదీ ఆ ద్వారాల గుండానే! దాహానికి జడిసి తలుపు మూస్తే ఆకలి. ఆకలికి తాళలేక తెరిస్తే దాహం. నేలపై నిలిచిన చెట్టు అనుదినం ఈ రెంటి మధ్యనే బ్రతుకు వెళ్ళదీస్తున్నది.