బ్రేకు మన చేతిలో, పానా ఎవరి చేతిలో?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గోదావరిఖనిలో మీటింగు ముగించుకుని ఎయిటింక్లైన్ కాలనీ వైపు వెళ్తుంటే నా బండి ముందు బ్రేకు మెత్తబడింది. లీవరు పట్టుకుంటే దూది నొక్కినట్టు లోపలికి పోతోంది. ఎదురుగా బొగ్గు టిప్పరు. వెనుక బ్రేకుతో ఎలాగో ఆపుకున్నాను. షెడ్డు దాకా నడిపించుకుపోతే మెకానిక్ నా వెనుక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. “సారును తోలియ్యుండ్రి మేడం, ఆయనకు చెప్త” అన్నాడు. బండి నాది. ప్రాణం నాది. వివరం మాత్రం సారుకు!

ఆ అబ్బాయిని తప్పుపట్టడం లేదు. అతను కూడా అరకొర కూలితో బతికే శ్రామికుడే. అతని చేత ఆ మాట అనిపించిన శ్రమ విభజన గురించే నా కోపమంతా.

ఇంతకీ అతను చేసిన పనేమిటి? బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగని డాట్ 4 రకం ఆయిలు, తేమ చేరాక 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలు నొక్కుకుపోదు, బుడగ నొక్కుకుపోతుంది. అందుకే లీవరు మెత్తబడుతుంది. కుక్కరు గ్యాస్కెట్టు మార్చే మనకు, కాగే నూనెలో నీటిచుక్క పడితే ఏమవుతుందో తెలిసిన మనకు ఇది అర్థం కాని శాస్త్రమా?

పనికి కావలసినవి చాలా బండ్లకు ఒక 8 నంబరు పానా, సన్నటి ట్యూబు, ఖాళీ సీసా, మూత మీద రాసి ఉన్న రకం కొత్త ఆయిలు. చక్రం దగ్గరి నిపులుకు ట్యూబు తొడిగి, లీవరు నొక్కిపట్టి నిపులు కొద్దిగా తిప్పాలి. పాత ఆయిలు బుడగలతో బయటికొస్తుంది. నిపులు బిగించాకే లీవరు వదలాలి. పైడబ్బా ఎప్పుడూ ఖాళీ కాకూడదు, అయితే మళ్లీ గాలి దూరుతుంది. బుడగలు ఆగి లీవరు గట్టిపడేదాకా ఇదే పని. రోడ్డెక్కే ముందు బండిని నెట్టి బ్రేకు పట్టి చూడాలి. ఏబీఎస్ ఉన్న బండికీ, అప్పటికీ లీవరు గట్టిపడని బండికీ మెకానిక్ కావాలి. సాధారణంగా రెండేళ్లకోసారి చేయాల్సిన పని ఇది.

ఇంత చిన్న పనిని మన నుంచి దూరం పెట్టే మాట ఒక్కటే: “నీకెందుకమ్మా, ప్రమాదం.” ఈ బొగ్గు నేల మీద ఆ మాటకు పెద్ద చరిత్రే ఉంది. ఈ దేశంలో స్త్రీలు భూగర్భ గనుల్లో బొగ్గు మోశారు. 1929 నిబంధనలతో వారిని వెళ్లగొట్టడం మొదలై 1937 నాటికి పూర్తి నిషేధమైంది. యుద్ధానికి బొగ్గు కావలసివచ్చాక 1943లో నిషేధం ఎత్తేశారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ పెట్టారు. 1952 గనుల చట్టం అదే కొనసాగించింది. స్త్రీల రాతపూర్వక అంగీకారంతో, పగటివేళ, సాంకేతిక, పర్యవేక్షక పనుల్లో భూగర్భంలోకి వెళ్లే వీలు 2019లో గానీ రాలేదు. అవసరమైనప్పుడు ఎత్తేసి, తీరాక దించేసే దాన్ని రక్షణ అంటారా? గనుల్లో ప్రమాదాన్ని తగ్గించడం రక్షణ. స్త్రీలను తొలగించడం కాదు. బ్రేకు విషయంలోనూ అంతే. అజ్ఞానం మనల్ని ఏ టిప్పరు నుంచీ కాపాడదు.

“ఇంటి చాకిరీ చాలక ఇదొకటా?” అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో అందరి బండ్లూ మనమే బాగుచేయాలని నేననడం లేదు. తెలిసి మెకానిక్‌కు ఇవ్వడం వేరు, తెలియక అప్పగించడం వేరు. తెలిసినామె పాత ఆయిలు ఎందుకు మార్చలేదని అడగగలదు. అర్ధరాత్రి నడిచే బండి కోసం ఎవరి దయకూ ఎదురుచూడదు.

1990ల తొలి ఏళ్లలో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య మహిళలు చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. పానా పట్టిన చేతులు తర్వాత అక్షరాలు కావాలని అడిగాయి. నీటి కోసం బిందెలు మోసేవాళ్లే పంపు మర్మం తెలిసినవాళ్లయ్యారు.

బొగ్గు బెల్టులో మహిళలకు శిక్షణ అంటే ఇప్పటికీ కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సులే ముందుకొస్తాయి. వాటిని కాదనడం లేదు. వాటి పక్కన పానాల పెట్టె కూడా పెట్టమని సింగరేణిని అడుగుదాం. అది వచ్చేదాకా ఆగకుండా, వచ్చే మీటింగుకు మన బండ్లతో పాటు ఒక పానా, ఒక ట్యూబు తెచ్చుకుందాం. ఉపన్యాసాలు తర్వాత. ముందు ఒక నిపులు విప్పుదాం.