జంతుహింసకుని చేతికి మరల పగ్గమా?

జంతువును హింసించి శిక్షపొందినవానికి మరల జంతువును పెంచు హక్కుండవలెనా? ఈ నిషేధము మనకుఁ గ్రొత్త గాదు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము 29వ సెక్షనునం దిది కలదు. నేరము రుజువైనవాఁడు శాశ్వతముగనైనను, కొంతకాలమైనను జంతువును తన స్వాధీనమునం దుంచుకొనరాదని న్యాయస్థానము ఉత్తరువు చేయవచ్చును.

అయినను ఆ యధికారమును నిరర్థకము చేయు షరతొకటి యచ్చటనే యున్నది. అట్టి జంతువును పెంచుటకు లైసెన్సు అవసరమైన ప్రాంతమున నేరము జరిగిననే యీ నిషేధము చెల్లునఁట! బంగారుపాళ్యములో కాడియెద్దునకు లైసెన్సు ఎవరడిగిరి? కుక్కకు లైసెన్సు కోరు పట్టణమున పనిచేయు శాసనము పల్లెటి యెద్దును కాపాడలేకున్నది. మొదటి నేరమునకు జుల్మానా రూ. 10 మొదలు రూ. 50 వఱకే. అది చెల్లించి మఱునాఁడే ములుకోల చేఁబట్టువాని నాపునదేది?

నిషేధము బీదరైతు నాఁగలి నాపునని కొందఱందురు. ఈ వాదమును మేము తేలికగాఁ ద్రోసివేయము. రెండెడ్లే యాధారమైన కుటుంబములు మన సీమలో నెన్నియో కలవు. కాని పూర్వపు శిక్షయో, నడవడియో, ఆ జంతువు ననుభవింపఁజేసిన బాధయో సాక్ష్యముతోఁ జూపి, మరల హింస జరుగునని తేల్చిననే ఉత్తరువు వెలువడును. దానిని ఒక జాతి జంతువునకే పరిమితము చేయవచ్చును. పిదప రద్దు చేయవచ్చును. ఒక్కనాఁటి కోపమునకు లోనైన రైతునకు ఈ రక్షణలు చాలును.

ఈ చట్టపు శిక్షలు చాలవని, పార్లమెంటు సవరింపవలెనని 2014లో సుప్రీంకోర్టు చెప్పియే యున్నది. తక్కిన షరతులను నిలిపి, లైసెన్సు షరతును మాత్రము వెంటనే కొట్టివేయవలెనని మేము కోరుచున్నాము.