పదునెనిమిదేండ్లు నిండిన మఱునాడు

గృహస్థుని కుమారునకు పదునెనిమిదవ యేడు నిండిన దినమున మన యిండ్లలో తలంటుపోసి, క్రొత్తబట్ట కట్టబెట్టి, పాయసము వండుదురు. మఱునాడు వాడు యథాప్రకారముగా కళాశాలకు పోవును. జీతము తండ్రియే కట్టును. బాలల సంరక్షణ గృహములో పెరిగినవానికో, ఆ దినమే వీడ్కోలు దినము. నిన్నటివఱకు వానికి అన్నము, పడక, మందు విధిగా నిచ్చిన ప్రభుత్వము నేడు వానిని పెద్దవానిగా నెంచి పంపివేయును. పోవుటకు చోటు కలదా యని విచారింపవలె నని నియమములు చెప్పుచున్నవి గాని, చోటు లేనిచో చూపక తప్పదని చట్టము చెప్పదు.

తిరుపతి రైలుస్టేషను నెరిగినవారి కీ విషయము క్రొత్త కాదు. ఇంట దెబ్బలకు తాళలేక పారిపోయినవారు, తల్లిదండ్రులు లేనివారు, యాత్రికుల సమ్మర్దములో తప్పిపోయినవారు ఈ పట్టణమునకు చేరుచునే యుందురు. కొండక్రింద ఆకలి తీరు ననెడి నమ్మకమే వారి నిచ్చటికి లాగుకొని వచ్చును. దేవస్థానమువారు శ్రీ వేంకటేశ్వర బాలమందిరమును నడుపుచు అనాథలకు విద్య చెప్పించుచున్నారు. అది మిక్కిలి శ్లాఘనీయము. నేరారోపణకు లోనైన బాలురకు ప్రభుత్వపు పరిశీలన గృహము వేఱుగా నున్నది. లోనికి వచ్చు వాకిళ్లు కలవు. వెలుపలికి పోవు వాకిలిని గూర్చియే మా విచారము.

చిత్తూరు జిల్లా మదరాసు రాజధానిలో నుండిన కాలమున 1920లో బాలల చట్టమును, 1926లో బోర్‌స్టల్ పాఠశాలల చట్టమును పుట్టినవి. ఈ రెండవది 16 మొదలు 21 సంవత్సరముల ప్రాయముగల నేరస్థులకు సంబంధించినది. ఒక జాతికి జాతినే పుట్టుదొంగలని ముద్రవేసి, స్టూవర్టుపురము వంటి సెటిల్‌మెంటులలో నుంచిన పరప్రభుత్వమును మేము పొగడబోము. ఆ నేరజాతుల చట్టము 1952లో రద్దయినను, వేసిన ముద్ర యింకను మాసిపోలేదు. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. బోర్‌స్టల్ పాఠశాలనుండి కాలము తీరకమున్నే విడువబడు యువకుని నమ్మకముగల మనుష్యుని పర్యవేక్షణలోనో, ఒక సంస్థ యధీనములోనో ఉంచుట కా చట్టములో ఏర్పా టుండెను. విడిచిన పిమ్మట వాని కొక తోడు కావలెనని ఆ పాలకులకు సైతము తోచినది.

మన చట్టములు దీనికంటె వెనుకబడిన వనరాదు. 1986, 2000, 2015 సంవత్సరములలో మూడుమారులు బాలన్యాయ చట్టము చేసికొంటిమి. 2015 నాటి చట్టము 18 నిండి 21 నిండనివారికి అనంతర సంరక్షణ యను పేర నొక యేర్పాటును గుర్తించినది. 2016 నాటి నియమములు ప్రత్యేక సందర్భములలో దానిని మఱి రెండేండ్లు పొడిగింపవచ్చు ననినవి. కాని గృహము విడుచువానికి ధనసహాయమును గూర్చిన 46వ సెక్షనులో ‘ఇయ్యవలెను’ అని లేదు, ‘ఇయ్యవచ్చును’ అని యున్నది. న్యాయవాదు లెరుగుదురు, ఈ రెండు క్రియలకును నడుమ ఎంత యగాధ మున్నదో. మిషన్ వాత్సల్య పథకపు 2022 నాటి మార్గదర్శకములలో నెలకు 4000 రూపాయలు నిర్ణయింపబడినవి. తిరుపతిలో ఒక గదికి అద్దె యిచ్చి, రెండుపూటల హోటలులో భుజించు విద్యార్థి నెవరినైన నడిగిన, ఆ సొమ్ము నెలలో ఏ తేదీవఱకు వచ్చునో చెప్పగలడు.

ఇంకొక వింత గలదు. కరోనా మహమ్మారిచే తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము క్రింద 23వ యేట 10 లక్షల రూపాయలు ముట్టును. మంచిదే. కాని క్షయచేతనో, రోడ్డుప్రమాదముచేతనో తల్లిదండ్రులు పోయినవాని యనాథత్వము దీనికంటె తక్కువదా? వ్యాధి పేరునుబట్టి అనాథలలో తరగతు లేర్పరచుట ఏ ధర్మశాస్త్రమునందును కానము.

ధర్మశాస్త్రమన్న జ్ఞాపకము వచ్చుచున్నది. తండ్రి లేని బాలుని సొత్తును రాజు ఎంతవఱకు కాపాడవలెనో మనువు చెప్పియున్నాడు. వాడు గురుకులమున విద్య ముగించి మరలివచ్చువఱకు గాని, బాల్యము గడచువఱకు గాని యని యాతని నిర్ణయము. వయస్సుతోపాటు విద్యాసమాప్తిని గూడ కొలతగా గ్రహించిన దూరదృష్టిని గమనింపుడు. పాలిటెక్నిక్ రెండవ సంవత్సరములో నున్నవానిని పుట్టినదినము వచ్చినదని గడప దాటించుట ఆ కొలతకు సరిపోదు.

నేరము చేసిన బాలుర సంగతి మఱింత కఠినము. వారికి దాని మూలమున ఏ యనర్హతయు కలుగరాదనియు, గడువు తీరిన పిమ్మట రికార్డులను నాశనము చేయవలెననియు చట్టము చెప్పుచున్నది. పదునాఱేండ్లు దాటి ఘోరనేరములకు పెద్దవారివలె విచారింపబడినవారి విషయమున మాత్రము ఈ రక్షణ లేదు. కాగితమును తగులబెట్టవచ్చును. ఊరివారి నోటిని, స్టేషనువారి జ్ఞాపకమును తగులబెట్టు టెట్లు? పేటలో గొలుసు పోయిన, మొదట పిలువబడువాడు వాడే. “దొంగతనము చేసి వచ్చినవాని చేతికి ఇనుపపెట్టె తాళమిమ్మందురా?” అని మిల్లుయజమానులు మమ్ము నడుగవచ్చును. ఇమ్మనము. మేస్త్రీ కన్నుల యెదుట, జీతము బాంకులో పడునట్లు, ఒక సంవత్సరము పని యిచ్చి చూడుడనుచున్నాము. చిత్తూరు మామిడిగుజ్జు కర్మాగారములలోని పని ఋతువుతో తీరిపోవును. పిమ్మట మఱల వీధియే. సంవత్సరము పొడవున నడచు శ్రీసిటీ కర్మాగారములలో చేరవలెనన్న చిరునామా కావలెను, పూచీ పడువారు కావలెను. విడిచివచ్చిన గృహమే వాని చిరునామా. మన చదువరులలో భూస్వాములు, వర్తకులు, వకీళ్లు పెక్కురు గలరు. ఒక్కొక్కరు ఒక్కొక్కనికి పూచీ నిలువలేరా?

ఆడపిల్లకు పెండ్లి చేసి పంపిన బాధ్యత తీరెనను భావము మనలో గాఢముగా నాటుకొనియున్నది. పుట్టిల్లు లేని పిల్ల అత్తవారింట కష్టము వచ్చిన నెవరికి చెప్పుకొనును? ఆ గృహమువారే ఆమెకు పుట్టింటివారై రాకపోకలు సాగింపవలెను.

మహారాష్ట్రము 2018లో అనాథలకు విద్యోద్యోగములలో నూటికొకటి చొప్పున స్థానములు ప్రత్యేకించినది. మన రాష్ట్రప్రభుత్వము ‘ఇయ్యవచ్చును’ అను క్రియను తన యుత్తరువుచేత ‘ఇయ్యవలెను’ అని మార్చుట కెవ్వరి యనుమతియు నక్కరలేదు. దేవస్థానమువారికి కళాశాలలు, వసతిగృహములు కలవు. ప్రభుత్వ గృహములనుండి వెలువడినవారికి వానిలో కొన్ని పడకలు కేటాయించుట వారికి భారము కాజాలదు. 2022 ఏప్రిలులో చిత్తూరు జిల్లా విభజింపబడినది; చిత్తూరునకును తిరుపతికిని ఇద్దరు కలెక్టరు లున్నారు. గడచిన సంవత్సరమున తమ తమ జిల్లాల గృహములనుండి పదునెనిమిదేండ్లు నిండి వెలువడినవా రెందరో, వారిలో నేడు ఎచట నున్నారో తెలిసినవా రెందరో, ఈ రెండు సంఖ్యలను వారు ప్రకటింతురు గాక.