గ్లెన్‌ని కదపకండి

2026 ఫిబ్రవరి 8న కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో సియాటిల్ సీహాక్స్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ని 29–13తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. సియాటిల్ తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పేరు సామ్ డార్నోల్డ్. 2018 డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా న్యూయార్క్ జెట్స్ తెచ్చుకున్న కుర్రాడు. మూడేళ్లు చూసి ఇక లాభం లేదనుకుని 2021లో కరోలినాకి ఇచ్చేశారు. 2019 అక్టోబరులో ఇదే పేట్రియట్స్ చేతిలో జెట్స్ 33–0తో ఓడిన రాత్రి, తనకి దయ్యాలు కనిపిస్తున్నాయని డార్నోల్డ్ బెంచీ దగ్గర అన్న మాట మైకులో పడి దేశమంతా విన్నది. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. ముందు నిలబడి కాపాడాల్సిన లైన్ చెదిరిపోయింది, ఎటు చూసినా మీద పడేవాళ్లే. ఆ మాట పట్టుకుని ఏళ్ల తరబడి అతన్ని ఎగతాళి చేశారు. చివరికి అదే పేట్రియట్స్ మీద కప్పు గెలిచాడు.

జెట్స్ అభిమానులకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. నాకు పట్టలేదు. పోగొట్టుకున్నది ఒక్క ఆటగాడినే అయితే అంత బాధ ఉండేది కాదు. వచ్చిన ప్రతివాణ్నీ తొందరపడి పంపించేసే పద్ధతి ఈ జట్టుకి అలవాటైపోయింది, ఈ ఏడాది కూడా అదే జరుగుతుందేమోనన్న భయంతోనే ఇది రాస్తున్నాను.

మేముండేది పార్సిపనీలో. జెట్స్ ప్రాక్టీసు చేసే ఫ్లోరమ్ పార్క్ మాకు దగ్గరే. పేరులో న్యూయార్క్ ఉన్నా జట్టు ఆడేది న్యూజెర్సీలోనే, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియంలో. 2026 సాకర్ ప్రపంచకప్ ఫైనల్ వేదిక కూడా ఆ మైదానమే. ఎడిసన్, పార్సిపనీ చుట్టుపక్కల పుట్టి పెరుగుతున్న మన పిల్లల్లో చాలామంది ఆదివారాలు ఆకుపచ్చ జెర్సీ తొడుక్కుని టీవీ ముందు కూర్చుంటారు. వాళ్లతోపాటు కూర్చుని నేర్చుకున్న తల్లిదండ్రులం మేము. ఇది మా ఊరి జట్టు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో 32 జట్లు. ఒక్కోటి 17 ఆటలు ఆడుతుంది. అందులో 14 జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి, అంటే దాదాపు సగం. జెట్స్ ఆ సగంలో చివరిసారి ఉన్నది 2010 సీజన్‌లో. ఆ తర్వాత వరసగా పదిహేను సీజన్లు ప్లేఆఫ్ ముఖం చూడలేదు, లీగులో ఇంత కరువు ఇంకే జట్టుకీ లేదు. ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న ఏడాది కూడా 2015తో ఆఖరు. లీగు ఫైనలైన సూపర్ బౌల్ ఆడింది ఒకే ఒక్కసారి, 1969 జనవరిలో. జో నేమత్ గెలిచి తీరతామని ముందే చెప్పి, బాల్టిమోర్ కోల్ట్స్‌ని 16–7తో ఓడించిన ఆట అది. దాని గురించి తాతలు మనవలకి చెప్పుకుంటారు. ఇప్పుడా మనవలకే పిల్లలు పుడుతున్నారు.

పోయిన సీజన్ అన్నిటికన్నా ఘోరం. 3 గెలుపులు, 14 ఓటములు. మొదటి ఏడు ఆటలూ వరసగా ఓడారు. మా డివిజన్‌లోని బఫెలో, మయామీ, న్యూ ఇంగ్లండ్‌ల మీద ఆరుకి ఆరూ పోయాయి. చివరి ఐదు ఆటలైతే ఒక్కోటీ ఇరవై పాయింట్లకి పైగా తేడాతో పోయింది. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని మధ్యలో అందుకోవడాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. పదిహేడు ఆటల్లో జెట్స్ ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా చెయ్యలేదు. లీగు చరిత్రలో ఏ జట్టుకీ ఇలా జరగలేదు. రంజీ సీజనంతా ఆడి ఒక్క క్యాచ్ పట్టకుండా ఇంటికొచ్చిన జట్టుని ఊహించుకోండి. పైగా హెడ్ కోచ్ ఆరోన్ గ్లెన్ స్వయంగా ఎదుటి పాస్‌లని అడ్డుకునే గొప్ప కార్నర్‌బ్యాక్. 1994లో జెట్స్ మొదటి రౌండ్‌లోనే తీసుకున్న ఆటగాడు. తన కెరీర్‌లో 41 ఇంటర్‌సెప్షన్లు చేశాడు. ఆయన శిక్షణలో సున్నా! డిసెంబరులో రక్షణ విభాగం కోచ్ స్టీవ్ విల్క్స్‌ని తీసేశారు. గ్లెన్‌ని కూడా పంపించెయ్యాలని సీజన్ అయిపోగానే చాలామంది గట్టిగా అడిగారు. యజమాని వుడీ జాన్సన్ ఆయన్ని ఉంచాడు. మంచి పని చేశాడు. ఆ మాట మీద నిలబడితేనే ఈ జట్టు బాగుపడుతుంది.

ఎందుకంటున్నానో చెప్తాను. ఈ లీగులో డబ్బుతో జట్టుని కొనుక్కోవడం కుదరదు. ఆటగాళ్ల జీతాలకి అన్ని జట్లకీ ఒకే పరిమితి. కాలేజీల నుంచి వచ్చే కొత్తవాళ్లని డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటారు, బాగా ఓడినవాళ్లకి ముందు అవకాశం. చిక్కల్లా ఓపికతోనే. ఎంచుకున్న కుర్రాళ్లు కుదురుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ రెండు మూడేళ్లూ ఓడుతూనే ఉండాలి, జనం తిడుతూనే ఉంటారు. తట్టుకోలేని యజమాని కోచ్‌ని మారుస్తాడు. కొత్త కోచ్ తన పద్ధతికి తగినవాళ్లు కావాలంటాడు. మళ్లీ మొదటికి వస్తుంది.

జెట్స్ కథంతా అదే. డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్‌లనే చూడండి: 2009లో మార్క్ శాంచెజ్, 2013లో జీనో స్మిత్, 2018లో డార్నోల్డ్, 2021లో రెండో ఎంపికగా జాక్ విల్సన్. 2016లో రెండో రౌండ్‌లో తీసుకున్న క్రిస్టియన్ హ్యాకెన్‌బర్గ్ లీగులో ఒక్క ఆటైనా ఆడలేదు. జీనో స్మిత్ సియాటిల్ వెళ్లాక 2022లో ఏడాదిలో మేటి పునరాగమనానికి ఇచ్చే అవార్డు అందుకున్నాడు. డార్నోల్డ్ సంగతి చెప్పనే చెప్పాను. ఇద్దరు మనుషులు ఇక్కడ చెడిపోయి అదే సియాటిల్‌లో బాగుపడ్డారంటే లోపం మనుషుల్లో వెతికి లాభం లేదు.

కుర్రాళ్లతో పనికాదని 2023లో ఆరోన్ రోజర్స్‌ని తెచ్చారు. అప్పటికే ముప్పై తొమ్మిదేళ్లు. నాలుగో బంతికే మడమ నరం తెగి ఆ సీజనంతా కూర్చున్నాడు. మరుసటి ఏడాది 5 గెలుపులు, 12 ఓటములు. ఐదు ఆటలు కాగానే కోచ్ రాబర్ట్ సలేని తీసేశారు, నవంబరులో జనరల్ మేనేజర్‌నీ పంపారు. రోజర్స్ పిట్స్‌బర్గ్ వెళ్లి పోయిన సెప్టెంబరులో తొలి ఆదివారమే మెట్‌లైఫ్‌కి వచ్చి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరి జెట్స్‌ని 34–32తో ఓడించాడు. అతని పాత ఒప్పందం బరువు మాత్రం జీతాల పరిమితిలో రెండేళ్లపాటు మోయాలి, మొత్తం 4.9 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం ఈ ఏడాది మీదే పడుతోంది. మైదానంలో లేని మనిషి ఖాతాలో అంత డబ్బు పోతుంటే ఉన్నవాళ్లకి ఏం మిగులుతుంది?

ఇక నవంబరు 4. సీజన్ నడిమధ్యలో జెట్స్ తన ఇద్దరు మేటి ఆటగాళ్లని ఒకే రోజు ఇచ్చేసింది. కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్ ఇండియానాపొలిస్‌కి, డిఫెన్సివ్ లైన్‌మన్ క్వినెన్ విలియమ్స్ డాలస్‌కి. మా మరిది ఫ్రిస్కోలో ఉంటాడు, డాలస్ జట్టు కౌబాయ్స్ అంటే ప్రాణం. ఆఫీసులో ఉండగానే ఫోన్ చేశాడు. “వదినా, క్వినెన్ ఇక మావాడు. మీరు మరీ దుకాణం మూసేసినట్టున్నారే?” అన్నాడు. “మూసింది దుకాణం కాదయ్యా, అప్పు తీర్చుకుంటున్నాం. రెండేళ్లాగి ఫోన్ చెయ్యి” అన్నాను. ఆ మాట ఉక్రోషంతో అన్నది కాదు. ఇద్దరికీ బదులుగా వచ్చినవి చూడండి: ఇండియానాపొలిస్ నుంచి 2026, 2027 మొదటి రౌండ్ ఎంపికలు, డాలస్ నుంచి ఈ ఏడాది రెండో రౌండ్, 2027లో మొదటి రౌండ్. తన సొంతవి కలుపుకుంటే జెట్స్‌కి రెండు డ్రాఫ్టుల్లో ఐదు మొదటి రౌండ్ ఎంపికలున్నాయి. ఏప్రిల్ 23న పిట్స్‌బర్గ్‌లో మొదలయ్యే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక, పదహారో ఎంపిక జెట్స్‌వే.

ఇలాంటి పని చేసి నిలదొక్కుకున్న జట్టుని గ్లెన్ దగ్గరుండి చూశాడు. 2021లో డెట్రాయిట్ లయన్స్ తన పెద్ద క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చి రెండు మొదటి రౌండ్ ఎంపికలు, జారెడ్ గాఫ్‌ని తీసుకుంది. కొత్త కోచ్ డాన్ క్యాంబెల్, రక్షణ విభాగం కోచ్ మన గ్లెన్. ఆ ఏడాది 3 గెలుపులు, 13 ఓటములు, ఒకటి సమం. రెండో ఏడాది అక్టోబరు చివరికి గెలిచింది ఒక్క ఆటే. కోచ్‌ని మార్చాలని ఊరంతా గోల. అప్పుడు యజమానురాలు షీలా ఫోర్డ్ హ్యాంప్ ప్రాక్టీసు మైదానానికే వచ్చి, కోచ్ మీద నమ్మకముందని విలేకరుల ముందు చెప్పింది. ఆ సీజన్ 9–8తో ముగిసింది. తర్వాతి ఏడాది 12 గెలుపులతో సూపర్ బౌల్‌కి ఒక్క ఆట దూరంలోకి, ఆపై ఏడాది 15 గెలుపులకి చేరారు. ఆవిడ ఆ రోజు మాట్లాడకపోతే ఇవేవీ లేవు.

మా యజమాని పోయిన అక్టోబరులో ఏం చేశాడు? ఏడు ఓటముల తర్వాత లీగు సమావేశంలో విలేకరుల ముందు తన సొంత క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌ని తప్పుబట్టాడు. ఫీల్డ్స్ బాగా ఆడలేదు, నిజమే. ఆ మాట గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. ఆ ఆదివారమే సిన్సినాటిలో అతనే ఆడాడు. చివరి క్వార్టర్‌లో పదిహేను పాయింట్లు వెనకబడి ఉన్న జట్టు 39–38తో గెలిచి వచ్చింది.

పేట్రియట్స్ మాటేమిటని అడుగుతారు. 2024లో 4–13. ఒక్క ఏడాదికే కోచ్ జెరడ్ మేయోని తీసేసి మైక్ వ్రేబల్‌ని తెచ్చారు. మరుసటి ఏడాది 14–3, నేరుగా సూపర్ బౌల్. ఓపిక లేకుండానే సాధించారు కదా అంటారు. ఇది తోసిపుచ్చే వాదన కాదు. అయితే వ్రేబల్ వచ్చేసరికి అక్కడ డ్రేక్ మే ఉన్నాడు. 2024లో మూడో ఎంపికగా తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్, రెండో ఏడాదికే లీగులో మేటి వరసలో నిలిచాడు. గ్లెన్‌కి అలాంటివాడు లేడు. ఫీల్డ్స్‌ని పక్కనపెట్టాక టైరాడ్ టేలర్, ఆపైన డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని బ్రేడీ కుక్‌తో నెట్టుకొచ్చాడు. ఏ కోచ్ అయినా ఇంతకన్నా ఏం చెయ్యగలడు?

ఈసారి కూడా చేతికి వచ్చే క్వార్టర్‌బ్యాక్ లేడు. ఇండియానాని జాతీయ విజేతగా నిలిపిన ఫెర్నాండో మెండోజాని మొదటి ఎంపిక ఉన్న లాస్ వెగాస్ రైడర్స్ వదలదు. ఆరెగన్ కుర్రాడు డాంటే మూర్ ఇంకో ఏడాది కాలేజీలోనే ఉంటానన్నాడు. రెండో ఎంపిక చేతిలో ఉంది కదా అని మిగిలినవాళ్లలో ఎవరినో ఒకరిని పట్టుకొస్తే జాక్ విల్సన్‌ని తెచ్చుకున్న 2021 మళ్లీ చూస్తాం. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లగల రక్షణ ఆటగాణ్ని తీసుకోవాలి. ఒహాయో స్టేట్ ఆటగాడు ఆర్వెల్ రీస్ పేరు ఇప్పటికే వినబడుతోంది. అతనైనా ఆ కోవలో ఇంకొకరైనా నాకు సమ్మతమే. ఒత్తిడి లేకపోతే ఎదుటివాడు తప్పుగా విసరడు, విసరకపోతే ఇంటర్‌సెప్షన్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ ఏడాదికి క్వార్టర్‌బ్యాక్ ఖాళీని ఏదో ఒక అనుభవజ్ఞుడితో తక్కువ జీతానికి నింపుకుని, అసలు క్వార్టర్‌బ్యాక్ కోసం 2027లోని మూడు ఎంపికలు దాచుకోవాలి. వచ్చే నెల, ఒప్పందాలు ముగిసిన ఆటగాళ్లని తీసుకునే ఫ్రీ ఏజెన్సీలో ఇంకో పెద్ద పేరుకి పెద్ద ఒప్పందం రాయొద్దు.

మిగిలింది మరీ చచ్చు జట్టేమీ కాదు. లైన్‌కి రెండు చివర్లా ఓలు ఫషాను, ఆర్మాండ్ మెంబూ. ఇద్దరూ మొదటి రౌండ్ కుర్రాళ్లు, పాతికేళ్లు నిండనివాళ్లు. డార్నోల్డ్‌కి ఆ రాత్రి లేనిది ఇదే. రిసీవర్ గ్యారెట్ విల్సన్ మోకాలి గాయంతో సగానికి పైగా ఆటలకి దూరమయ్యాడు, తిరిగొస్తాడు. వెయ్యి గజాలు దాటి పరుగెత్తిన బ్రీస్ హాల్ ఒప్పందం ముగిసింది, అతన్ని పోనివ్వకూడదు.

నవంబరు ఆఖరి ఆదివారం అట్లాంటా ఫాల్కన్స్‌తో ఆటకి మెట్‌లైఫ్ పై అంతస్తులో ఉన్నాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. స్కోరు 24–24, గడియారంలో ఇక సమయం లేదు. నిక్ ఫోక్ కిక్ కోసం వచ్చాడు, 56 గజాలు. నలభై ఒక్క ఏళ్ల మనిషి. బంతి దగ్గర నిలబడి రెండడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి కొలుచుకున్నాడు. తల ఎత్తి గోల్ స్తంభాల వైపు ఒక్కసారి చూశాడు. కొట్టాడు. బంతి లోపలికే వెళ్లింది. 2011 జనవరిలో ఇండియానాపొలిస్‌లో ఆఖరి క్షణంలో కిక్ కొట్టి జెట్స్‌ని 17–16తో గెలిపించింది కూడా ఇదే ఫోక్. జెట్స్ గెలిచిన చివరి ప్లేఆఫ్ ఆటల్లో అదొకటి. మా వరసలో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఏడ్చేశాడు. పక్కనున్న అమ్మాయి ఆయన భుజం పట్టుకుంది. రెండే గెలుపులున్న జట్టు మూడోది గెలిస్తే వచ్చిన కన్నీళ్లవి. ఈ అభిమానులకి ఓపిక లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాకుంది. లేనిది పై గదుల్లో కూర్చున్నవాళ్లకి.

2026 సీజన్‌కి నా అంచనా 6 గెలుపులు, 11 ఓటములు. ప్లేఆఫ్ ఉండదు, కరువు పదహారో ఏడాదికి చేరుతుంది. అక్టోబరు వచ్చేసరికి కోచ్‌ని మార్చమని మళ్లీ కేకలు మొదలవుతాయి. జాన్సన్ గారు ఆ రోజు ఫ్లోరమ్ పార్క్ మైదానానికి వచ్చి, షీలా హ్యాంప్ చెప్పిన మాటే చెప్పాలి. 2027 డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచుకునే రోజున కూడా హెడ్ కోచ్ కుర్చీలో ఆరోన్ గ్లెనే ఉండాలి.