పరీక్ష ఇద్దరికీ, నింద ఎవరికీ వద్దు



పిల్లలు కలగని వారి కోసం వేసే కరపత్రాల్లో ఎక్కువగా స్త్రీ బొమ్మే ఉంటుంది. "స్త్రీలు వెంటనే డాక్టరును కలవాలి" అని రాస్తారు. మేము పంచినవాటిలోనూ ఈ లోపం ఉంది. వాడరేవులో భర్త వేటకు పోతే భార్య ఒక్కతే ఆసుపత్రికి వస్తుంది. గొడ్రాలు అన్న మాట పడేదీ ఆమే.

కారణం భర్తలోనూ ఉండవచ్చు. సాధారణంగా మన కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. వాటిలో స్త్రీకి రెండు ఎక్స్, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరికి అదనంగా ఇంకో ఎక్స్ ఉంటుంది. దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. చూపులకు ఆరోగ్యంగానే ఉంటారు. పెళ్ళయి పిల్లలు కలగనప్పుడే చాలామందికి ఈ సంగతి తెలుస్తుంది. ఈలోపు భార్యను ఎన్ని ఆసుపత్రులు తిప్పుతారో!

అలాగని ఆడ, మగ అన్న మాటలే తీసివేయమని మేము అనడం లేదు. సుమారు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఒక ఎక్స్ పూర్తిగానో కొంతగానో లోపిస్తుంది. ఇది టర్నర్ సిండ్రోమ్. ఈ పిల్లలు పొట్టిగా ఉంటారు, చాలామంది వాళ్ళంతట వాళ్ళు రజస్వల కారు. గుండె, మూత్రపిండాలు కూడా పరీక్షించాలి. ఇక్కడ "ఆడపిల్లలకు" అని స్పష్టంగా రాయాలి. అది చదివితేనే తల్లిదండ్రులు బిడ్డను వేళకు తీసుకువస్తారు, హార్మోను మందులు వేళకు అందుతాయి. కాని "ఆడతనం లేని పిల్ల" అని రాస్తే ఆ బిడ్డను ఇంట్లోనే దాచిపెడతారు. ఆమె ఆడపిల్లే. అదనపు ఎక్స్ ఉన్న అబ్బాయీ మగవాడే.

ఈ రెండూ ఎవరి తప్పువల్లా రావు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు, లేదా పిండం మొదటి దశలో, పొరపాటున జరిగే మార్పులివి. గ్రహణంవల్ల కాదు, మేనరికంవల్లా కాదు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని చూసి, పాపం ఎవరిదని శిష్యులు అడిగారు. ప్రభువు వానిమీదా వేయలేదు, వాని తల్లిదండ్రులమీదా వేయలేదు. మనమెందుకు వేయాలి?

ఇకమీదట మా కరపత్రాల్లో "భార్యాభర్తలిద్దరూ రండి" అని రాయాలని మా కోరిక. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట నిషేధం. అన్నలారా, ఆ రోజుల్లో మీరూ వచ్చి పరీక్ష చేయించుకోండి.